గన్నవరం నుంచి సింగపూర్‌కు నాలుగుంబావు గంటలు, దర్శి నుంచి పన్నెండు

దర్శిలో తెల్లవారుజామున కారెక్కిన మనిషి సింగపూర్ చాంగి విమానాశ్రయంలో పెట్టె అందుకుని బయటపడేసరికి దాదాపు పన్నెండు గంటలు పడుతుంది. అందులో విమానంలో గడిచేది నాలుగు గంటల పైచిల్లర. ఆ కాసేపట్లో దాటే దూరం 3,050 కిలోమీటర్లు. మిగతా ఎనిమిది గంటల్లో దాటేది రెండు వందల కిలోమీటర్లు కూడా ఉండదు.

దర్శి, కురిచేడు, ముండ్లమూరు, తాళ్లూరు, దొనకొండ మండలాల్లో పిల్లల్ని విదేశాలకు పంపిన ఇళ్లు తక్కువేమీ కాదు. కొడుకునో కూతురినో చూడటానికి మొదటిసారి విమానం ఎక్కే అమ్మానాన్నల చేతికి వచ్చే టికెట్టు మాత్రం వాళ్లను తికమక పెడుతుంది. పొద్దున 10 గంటలకు బయలుదేరి సాయంత్రం 4.45కు చేరుతుందని ఒక కాగితం మీద ఉంటుంది. తిరుగు టికెట్టు మీద 10 గంటలకు బయలుదేరి 11.45కే దిగుతుందని ఉంటుంది. ఒకటి ఆరుమ్ముప్పావు గంటలు, ఇంకొకటి గంటాముప్పావు. దారి అదే, విమానమూ అదే. ఈ తేడా ఎక్కడిదో విప్పి చూస్తే దూరం, గాలి, గడియారం అనే మూడు వేర్వేరు లెక్కలు బయటపడతాయి. దర్శి వాళ్లకు వీటికి తోడు నాలుగో లెక్క ఒకటుంది. నా మటుకు నాకు అన్నిటికన్నా ముఖ్యమైంది అదే. ముందు ఈ మూడూ చూద్దాం.

దూరం: పదో తరగతి గణితం చాలు

గన్నవరం విమానాశ్రయం 16.53 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80.80 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. చాంగి 1.36 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 103.99 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. అంటే చాంగి మనకు 15.17 డిగ్రీలు దక్షిణాన, 23.19 డిగ్రీలు తూర్పున ఉన్నట్టు.

భూమి మీద ఒక డిగ్రీ అక్షాంశం 111.2 కిలోమీటర్లు. కాబట్టి దక్షిణంగా 1,687 కిలోమీటర్లు. రేఖాంశాల మధ్య ఎడం భూమధ్యరేఖ దగ్గరే నిండుగా ఉంటుంది, ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ తగ్గుతుంది. ఈ దారి మొత్తం మీద ఆ తగ్గుదల సగటు తీస్తే 0.985 వంతు మిగులుతుంది. ఆ లెక్కన తూర్పుగా 2,540 కిలోమీటర్లు. ఇక మిగిలింది పైథాగరస్ సిద్ధాంతమే. రెండిటి వర్గాలూ కూడి వర్గమూలం తీస్తే 3,049 వస్తుంది. భూమి గుండ్రతనాన్ని పూర్తిగా లెక్కలోకి తీసుకునే గోళాకార త్రికోణమితితో చేస్తే 3,048. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న ఊళ్ల మధ్య బల్లపరుపు లెక్కకూ గోళపు లెక్కకూ ఇంత కొద్ది తేడాయే వస్తుంది. అమెరికా వెళ్లే విమానాలు ఉత్తర ధ్రువం వైపు ఎందుకు వంగుతాయన్న ప్రశ్న ఇక్కడ పుట్టదు. పటం మీద స్కేలు పెట్టి గీసిన గీతే దాదాపు అసలు దారి.

ఆ గీతకు సరిగ్గా మధ్యన ఏముందో లెక్కగట్టి చూశాను. 9.13 డిగ్రీల ఉత్తరం, 92.64 డిగ్రీల తూర్పు. పటం తెరిస్తే ఆ బిందువు పక్కనే, పది పదిహేను కిలోమీటర్ల దూరంలో, కార్ నికోబార్ దీవి ఉంది. గన్నవరంలో లేచిన విమానం సగం దారి వెళ్లాక కూడా మన దేశపు దీవుల దగ్గరే ఉందన్నమాట. బందరు తీరం దాటాక రెండు గంటలసేపు కింద కనిపించేదంతా బంగాళాఖాతం. నికోబార్ దాకా పైలట్లకు దారి చెప్పేది చెన్నై గగనతల నియంత్రణ కేంద్రం. ఆ తర్వాతే మలక్కా జలసంధి, ఒకవైపు సుమత్రా, ఇంకోవైపు మలయా ద్వీపకల్పం. విమానం ఎక్కే పెద్దవాళ్లకు ఈ సంగతి చెప్పి చూడండి. పరాయి దేశం వెళ్తున్నామన్న బెరుకు సగం తగ్గుతుంది.

ఇదే సముద్రాన్ని మన ముందు తరాలు ఓడల మీద దాటాయి. మలయా తోటలకు పనికి వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. 1926లో నీళ్లలో దిగిన ఎస్.ఎస్. రాజులా అనే ఓడ మద్రాసు, నాగపట్నం, పినాంగ్, సింగపూర్‌ల మధ్య 1970ల తొలినాళ్ల దాకా తిరిగింది. ఆ ప్రయాణం వారం అటూఇటూ. మద్రాసు రేవు దాకా రైలు వేరే. ఆ ఓడలో డెక్కు మీద చాప పరుచుకుని వెళ్లిన వాళ్ల మనవలు ఇప్పుడు మలేసియాలో, సింగపూర్‌లో తెలుగు సంఘాలు నడుపుతున్నారు.

గంటకు 850 కిలోమీటర్లు ఎలా వచ్చాయి?

ఈ దారుల్లో తిరిగేవి ఎక్కువగా ఎయిర్‌బస్ 320 కుటుంబం విమానాలు. అవి ధ్వని వేగంలో దాదాపు 78 శాతం వేగంతో నిలకడగా వెళ్తాయి. ధ్వని వేగం గాలి వేడిమిని బట్టి మారుతుంది. పదకొండు కిలోమీటర్ల ఎత్తున మన ఉష్ణమండలంలో చలి సున్నాకు 40 డిగ్రీలు దిగువన ఉంటుంది. అక్కడ ధ్వని గంటకు దాదాపు 1,100 కిలోమీటర్లు పోతుంది. అందులో 78 శాతం అంటే 850 పైచిలుకు.

3,050ని 850తో భాగిస్తే 3 గంటల 35 నిమిషాలు. కానీ విమానం గీత మీద గీతగా పోదు. నిర్ణయించిన గగనమార్గాల వెంట వెళ్లాలి, దిగేటప్పుడు రన్‌వేకు వరసలో రావాలి. నూటికి మూడు కిలోమీటర్ల చొప్పున కలిపితే దూరం 3,150 దగ్గర తేలుతుంది. అంటే 3 గంటల 42 నిమిషాలు. పైకి ఎక్కేటప్పుడు, కిందికి దిగేటప్పుడు వేగం తక్కువ. రన్‌వే దాకా నెమ్మదిగా పాకడం, దిగాక గేటు దాకా పాకడం ఉన్నాయి. వీటన్నిటికీ అరగంట. మొత్తం 4 గంటల 12 నిమిషాలు, గుండుగుత్తగా నాలుగుంబావు గంటలు.

ఇంకాస్త వేగంగా తోలితే? 78 శాతాన్ని 80 చేస్తే మిగిలేది ఐదు నిమిషాలు. దానికి ఇంధనం బాగా తగలబడుతుంది. ఈ రకం విమానం గంటకు సుమారు రెండున్నర టన్నుల ఇంధనం తాగుతుంది కాబట్టి ఒక్కవైపు ప్రయాణానికి పది టన్నులు కావాలి. గుంటూరు యార్డుకు నిండుగా వెళ్లే పది టన్నుల మిర్చి లారీ ఎంత బరువో అంత కిరోసిన్ నాలుగు గంటల్లో ఆవిరైపోతుంది. అది కాక, దిగాల్సిన చోట దిగలేకపోతే పక్క విమానాశ్రయానికి వెళ్లడానికి కొంత, ఆ పైన ఇంకో అరగంట గాలిలో తిరగడానికి సరిపడా కొంత తప్పనిసరిగా మోయాలి. ఐదు నిమిషాల కోసం ఏ కంపెనీ కూడా ఎందుకు ఆశపడదో దీన్నిబట్టి తెలుస్తుంది.

గాలి: పడమటి దారికి ఒక రకం, తూర్పు దారికి ఒక రకం

హైదరాబాదు నుంచి సింగపూర్ 3,305 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి కువైట్ 3,370. తేడా 65 కిలోమీటర్లు, విమానానికి ఐదు నిమిషాలు కూడా కాదు. దూరమొక్కటే లెక్క అయితే రెండు ప్రయాణాలకూ ఒకే సమయం పట్టాలి. పట్టదు.

చలికాలంలో ఉత్తర భారతం మీదుగా, అరేబియా దాకా, పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు ఒక బలమైన గాలి ప్రవాహం సాగుతుంది. వాతావరణ శాస్త్రంలో దాన్ని ఉపఉష్ణమండల జెట్ ప్రవాహం అంటారు. నడిమధ్యన దాని వేగం గంటకు 150 కిలోమీటర్లు దాటడం మామూలే. కువైట్ వెళ్లే విమానం దీనికి ఎదురీదాలి. దారి మొత్తం మీద సగటున వంద కిలోమీటర్ల ఎదురుగాలి ఉందనుకుందాం. నేలను బట్టి చూస్తే విమానం వేగం 850 నుంచి 750కి పడిపోతుంది. 3,370 కిలోమీటర్లకు నాలుగున్నర గంటలు. తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి వెనకనుంచి తోస్తుంది. వేగం 950, సమయం 3 గంటల 33 నిమిషాలు. వెళ్లడానికీ రావడానికీ మధ్య దాదాపు గంట తేడా.

హైదరాబాదు–దుబాయ్ దారి ఈ లెక్కకు ఇంకా తేలిక. దూరం 2,550 కిలోమీటర్లు, అంటే గాలి లేకపోతే సరిగ్గా మూడు గంటలు. 80 కిలోమీటర్ల గాలి ఎదురైతే 3 గంటల 19 నిమిషాలు, అదే గాలి తోడైతే 2 గంటల 45 నిమిషాలు. ఎక్కడం, దిగడం, నేలమీద పాకడం కలిపితే వెళ్లేటప్పుడు నాలుగు గంటలకు కాస్త తక్కువ, వచ్చేటప్పుడు మూడుంబావు. దుబాయ్ నుంచి వచ్చినవాళ్లు తిరుగు విమానం తొందరగా దిగిందంటే అది వాళ్ల భ్రమ కాదు. గన్నవరం నుంచి షార్జాకు 2,800 కిలోమీటర్లు. 2022 అక్టోబరు చివర మొదలైన ఆ సర్వీసుకూ ఇదే సూత్రం.

సింగపూర్ దారి సంగతి వేరు. అది దక్షిణంగా, భూమధ్యరేఖ వైపు పోతుంది. చలికాలపు జెట్ ప్రవాహం ఆ దక్షిణాన ఉండదు. రానూపోనూ సమయాల మధ్య తేడా అప్పట్లో తక్కువే. ఈ దారిలో గాలి పని చూడాలంటే వర్షాకాలం రావాలి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా దక్షిణ భారతం మీద, బంగాళాఖాతం మీద, పైగాలి తూర్పు నుంచి పడమటికి వీస్తుంది. దీన్ని ఉష్ణమండల తూర్పు జెట్ ప్రవాహంగా స్పష్టంగా వివరించింది మన దేశపు శాస్త్రవేత్తే. తర్వాతి కాలంలో భారత వాతావరణ శాఖకు అధిపతి అయిన పి. కోటేశ్వరం 1958లో ప్రచురించిన పరిశోధనా పత్రం ప్రపంచవ్యాప్తంగా ఈ విషయంలో మొదటి మెట్టుగా నిలిచింది. టిబెట్ పీఠభూమి వేసవిలో వేడెక్కడానికీ, ఈ గాలికీ, నైరుతి రుతుపవనాలకూ ఉన్న సంబంధాన్ని ఆయన వెతికి పట్టుకున్నారు. సాగర్ కుడికాలువ చివరి భూముల్లో పత్తి విత్తనం పెట్టి ఆకాశం వైపు చూసే రైతు ఏ రుతుపవనం కోసం ఎదురుచూస్తాడో, దాని పైకప్పులో వీచే గాలే సింగపూర్ విమానానికి ఎదురు నిలుస్తుంది. నాకు ఈ మొత్తం కథనంలో ఎక్కువ ఇష్టమైన సంగతి ఇదే.

ఆ ప్రవాహం నడిమధ్యం పద్నాలుగు, పదిహేను కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ప్రయాణికుల విమానం దాని కింది అంచునే తగులుతుంది. సగటున 40 కిలోమీటర్ల గాలి అనుకుంటే, వెళ్లేటప్పుడు 3,150 కిలోమీటర్లకు 3 గంటల 53 నిమిషాలు, వచ్చేటప్పుడు 3 గంటల 32 నిమిషాలు. తేడా 21 నిమిషాలు. దుబాయ్ దారిలో చలికాలంలో కనిపించే తేడాకన్నా ఇది తక్కువే కానీ దిశ చూడండి. ఇల్లు చేరే ప్రయాణమే రెండుచోట్లా తొందరగా అవుతోంది. దుబాయ్ నుంచి పడమటి గాలి మనల్ని ఇంటికి తోస్తుంది, సింగపూర్ నుంచి తూర్పుగాలి తోస్తుంది.

అక్టోబరు, నవంబరు నెలల్లో తుపానుల కాలం. బంగాళాఖాతంలో మేఘాల గుంపు అడ్డం వస్తే విమానం చుట్టూ తిరిగి వెళ్తుంది. వంద కిలోమీటర్లు ఎక్కువ తిరిగితే ఏడు నిమిషాలు. ఇలాంటి వాటికోసమే విమాన సంస్థలు టైమ్‌టేబుల్లో కాస్త వెసులుబాటు కలుపుకుంటాయి. ఏ అడ్డంకీ లేని రోజున పది, పదిహేను నిమిషాలు ముందే దిగడానికి కారణం ఆ వెసులుబాటే.

గడియారం చేసే గారడీ

ఇప్పుడు మొదట చెప్పిన టికెట్టు దగ్గరకు వద్దాం. సింగపూర్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. పొద్దున 10కి గన్నవరంలో లేచి నాలుగుంబావు గంటలు ఎగిరితే మన గడియారంలో మధ్యాహ్నం 2.15. దానికి రెండున్నర గంటలు కలిపితే 4.45. తిరుగు ప్రయాణంలో సింగపూర్ సమయం 10కి లేస్తే అక్కడి 2.15కు దిగాలి, అందులోంచి రెండున్నర తీసేస్తే మన 11.45. టికెట్టు మీద బయలుదేరే సమయం బయలుదేరే ఊరిది, దిగే సమయం దిగే ఊరిది. షార్జా, దుబాయ్ మనకు గంటన్నర వెనక. అక్కడికి వెళ్లేటప్పుడు టికెట్టు మీద సమయం తక్కువగా కనిపిస్తుంది, వచ్చేటప్పుడు ఎక్కువగా కనిపిస్తుంది. కాబట్టి టికెట్టు చూసి ప్రయాణ సమయం చెప్పాలంటే సింగపూర్ వెళ్లేటప్పుడు రెండున్నర తీసేయాలి, వచ్చేటప్పుడు కలపాలి.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. సూర్యుడి ప్రకారం చూస్తే రెండు ఊళ్ల మధ్య రెండున్నర గంటల తేడా లేనే లేదు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు. 23.19 డిగ్రీలకు 93 నిమిషాలు, అంటే గంటన్నర. మిగతా 57 నిమిషాలు ప్రభుత్వాలు కలిపినవి. మన ప్రామాణిక సమయం 82.5 డిగ్రీల రేఖాంశానిది, అది మన కాకినాడకు దగ్గరగా పోతుంది. దర్శి దానికి పడమట ఉంది కాబట్టి ఏడాది సగటున సూర్యుడు దర్శి నడినెత్తికి వచ్చేది 12 గంటల 11 నిమిషాలకు. సింగపూర్ గడియారం వాడేది 120 డిగ్రీల రేఖాంశపు సమయం. ఆ గీత సింగపూర్ మీదుగా పోదు, పదహారు డిగ్రీలు తూర్పున ఉంటుంది. 1981 దాకా సింగపూర్ మనకు రెండు గంటలే ముందుండేది. మలేసియా తన రెండు భాగాలకూ ఒకే సమయం పెట్టుకోవడంతో దానికి సరిపడేలా 1982 మొదటి రోజు నుంచి సింగపూర్ కూడా అరగంట ముందుకు జరిగింది. అందుకే అక్కడ మిట్టమధ్యాహ్నం అయ్యేది ఒంటిగంట దాటాక. సూర్యోదయం అయ్యేది పొద్దున ఏడింటి ప్రాంతంలో. పొలం పనికి తెల్లవారుజామున లేచే అలవాటున్న పెద్దలు అక్కడ మొదటి వారం ఇంకా తెల్లారలేదేమని అడగడం సహజం.

నాలుగో లెక్క: నేల మీద

దర్శి నుంచి గన్నవరం గాలిలో 146 కిలోమీటర్లు. రోడ్డు మీద అద్దంకి, చిలకలూరిపేట, గుంటూరు, బెజవాడ దాటుకుంటూ దాదాపు 180. టీ కోసం ఒకచోట ఆగితే నాలుగు గంటలు. కాజ దగ్గర విడిపోయి చినఅవుటపల్లి దగ్గర తేలే పశ్చిమ బైపాస్ మీదుగా వెళ్లగలిగితే బెజవాడ రద్దీ తప్పుతుంది. అంతర్జాతీయ ప్రయాణానికి మూడు గంటలు ముందు విమానాశ్రయంలో ఉండాలి. విమానంలో నాలుగుంబావు. చాంగిలో ఇమిగ్రేషన్, పెట్టెలు ఒక గంట. మొత్తం 12 గంటల 15 నిమిషాలు.

శంషాబాదు అయితే రోడ్డు దాదాపు 300 కిలోమీటర్లు, ఆరు గంటలు. విమానంలో నాలుగున్నర. అన్నీ కలిపితే పద్నాలుగున్నర. చెన్నై అయితే రోడ్డు 350 కిలోమీటర్ల దాకా, ఏడు గంటలు. అక్కడినుంచి సింగపూర్ 2,925 కిలోమీటర్లే, గన్నవరం కన్నా 125 కిలోమీటర్లు దగ్గర. విమానంలో మిగిలేది పది నిమిషాలు, దాని కోసం రోడ్డు మీద పోయేది మూడు గంటలు.

కాగితం మీద గన్నవరమే గెలిచింది. నిజంగా గెలిచిందా అనేది వారంలో ఎన్ని విమానాలు ఉన్నాయన్న దాని మీద ఆధారపడుతుంది. గన్నవరానికి అంతర్జాతీయ హోదా 2017లో వచ్చింది. 2018 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం నష్టం భరిస్తానని ముందుకొస్తే ఇండిగో సింగపూర్ సర్వీసు మొదలైంది. ఆ ఆసరా పోగానే, ఏడాది నిండకుండానే 2019లో ఆగిపోయింది. మళ్లీ 2025 నవంబరులో వారానికి మూడు రోజుల చొప్పున మొదలైంది.

వారానికి మూడు రోజులంటే ఏమిటో లెక్క చూడండి. మంగళ, గురు, శనివారాల్లో విమానం ఉందనుకుంటే మధ్య ఎడం రెండు, రెండు, మూడు రోజులు. ఏ రోజు ఏ వేళకు అవసరం పడుతుందో ముందే తెలియని మనిషి తర్వాతి విమానం కోసం సగటున 29 గంటలు ఆగాలి. రోజూ ఒక విమానం ఉంటే ఆ సగటు 12 గంటలకు పడిపోతుంది. ఆరు నెలల ముందే టికెట్టు కొనుక్కుని మనవణ్ణి చూడటానికి వెళ్లే దంపతులకు ఈ 29తో పనిలేదు. కానీ నాన్నకు గుండెనొప్పి వచ్చి ఒంగోలు ఆసుపత్రిలో పడేశామని ఫోను అందుకున్న కొడుక్కి ఆ లెక్క ఒక్కటే లెక్క. వాడు చెన్నై విమానమే ఎక్కుతాడు. అర్ధరాత్రి దిగి ఏడు గంటలు కారులో కూర్చుంటాడు. దగ్గరి విమానాశ్రయం వాడికి దూరమైపోయేది కిలోమీటర్ల వల్ల కాదు, రోజుల వల్ల. సర్వీసు మొదలైందని పండగ చేసుకునేటప్పుడు మన నాయకులూ మన పత్రికలూ ఈ సంఖ్యను ఎందుకు పట్టించుకోవో నాకు అర్థం కాదు. సింగపూర్‌కు నాలుగు గంటల్లో వెళ్లొచ్చని రాస్తారు. వెళ్లొచ్చు, ఆ రోజు విమానం ఉంటే.

దర్శి వాళ్లకు గాలి రవాణా కొత్త మాటేమీ కాదు. పక్కనే, ఇరవై కిలోమీటర్ల పైచిల్లర దూరంలో, దొనకొండలో రెండో ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన విమాన స్థలం ఉంది. 2014లో రాష్ట్ర రాజధానికి దొనకొండ పేరు వినిపించినప్పుడు ఆ పాత రన్‌వే కూడా మళ్లీ చర్చలోకి వచ్చింది. దాన్ని పునరుద్ధరిస్తామన్న మాట అప్పుడప్పుడూ వినబడుతూనే ఉంది. ఇంకోవైపు, కొరిశపాడు మండలం పిచ్చికలగుడిపాడు దగ్గర పదహారో నంబరు జాతీయ రహదారిలో 4.1 కిలోమీటర్ల ముక్కను అత్యవసరంగా విమానాలు దిగేందుకు వీలుగా కట్టారు. 2022 డిసెంబరులోనూ, 2024 మార్చిలోనూ వాయుసేన అక్కడ ట్రయల్ రన్ జరిపింది.

దర్శి పరిసరాల నుంచి నేరుగా సింగపూర్ ఎగిరితే ఎంత దూరం? 3,110 కిలోమీటర్లు. గన్నవరం కన్నా 60 కిలోమీటర్లు ఎక్కువ, గాలిలో నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలు పెడితే రోడ్డు మీద మూడున్నర గంటలు మిగులుతాయి. ఈ లెక్క చూపించి దొనకొండ నుంచి సింగపూర్ విమానం అడగొచ్చు. నేను అడగను. నిండు లోడుతో నాలుగు గంటలు ఎగిరే జెట్ లేవాలంటే రెండు కిలోమీటర్లకు మించిన గట్టి రన్‌వే కావాలి, ఇమిగ్రేషన్, కస్టమ్స్ కావాలి, అన్నిటికన్నా ముందు రోజూ సీట్లు నింపే ప్రయాణికులు కావాలి. ఆసరా లేక గన్నవరం సర్వీసే ఒకసారి ఆగిపోయిన చోట దొనకొండకు ప్రయాణికుల్ని ఎక్కడినుంచి తెస్తాం? చిన్న విమానాలకు, సరుకుకు, శిక్షణకు దొనకొండ పనికి రావచ్చు. అది వేరే చర్చ.

నేను అడిగేవి రెండు, రెండూ నేల మీదివే. నడికుడి–శ్రీకాళహస్తి కొత్త రైలుమార్గం 309 కిలోమీటర్ల పొడవున దర్శి మీదుగా పోతోంది. అది గుంటూరు–గుంతకల్లు మార్గాన్ని కలిసేచోట బెజవాడ రైలు అందుకునేలా దర్శి నుంచి పొద్దునా సాయంత్రం ఒక బండి నడిస్తే కారు కిరాయి పెట్టుకోలేని వాళ్లకు గన్నవరం అందుబాటులోకి వస్తుంది. అది అయ్యేదాకా, విమానం ఉన్న ఆ మూడు రోజులైనా, దర్శి నుంచి అద్దంకి, చిలకలూరిపేట, గుంటూరు మీదుగా గన్నవరం టెర్మినల్ దాకా ఆర్టీసీ ఒక బస్సు వేయాలి. విమానం వేళకు మూడు గంటల ముందు చేరేలా, తిరుగు విమానం దిగిన గంటన్నరకు మళ్లీ బయలుదేరేలా. దారిలో ఉన్న మండలాలన్నిటి నుంచీ పెట్టెలతో, పచ్చడి డబ్బాలతో ఎక్కేవాళ్లు ఉంటారు. 180 కిలోమీటర్లకు నాలుగున్నర గంటలు పట్టినా పర్వాలేదు, బస్సు వేళ ఖాయంగా ఉండాలి.